ఏసీ రిపేర్ అని వెతికితే ఎవరు దొరుకుతారు? మ్యాప్ లిస్టింగుల్లో దూరిన ప్రకటనల కథ

మే నెలలో ఏసీ ఆగిపోతే హైదరాబాదులో చాలామంది చేసే మొదటి పని ఫోన్ తీసి "ఏసీ రిపేర్ నియర్ మీ" అని కొట్టడం. క్షణంలో పది పేర్లు వచ్చి పడతాయి. పైన ఒకటి రెండింటికి "స్పాన్సర్డ్" అన్న చిన్న ముద్ర ఉంటుంది. కింద మ్యాపు, దాని మీద ఎర్ర గుర్తులు, పక్కన స్టార్ రేటింగులు. ఇంకా కిందికి పోతే "కూకట్‌పల్లిలో టాప్ 10 ఏసీ సర్వీసులు" అంటూ డైరెక్టరీ సైట్లు. వాటిలో ఒకదానికి నంబరు ఇచ్చామా, టీ తాగేలోపు నాలుగు వేర్వేరు చోట్ల నుంచి ఫోన్లు.

"అన్నీ యాడ్సే" అని విసుక్కుంటాం. విసుగు న్యాయమైనదే కానీ, ఆ "అన్నీ"లో కనీసం నాలుగు వేర్వేరు వ్యవహారాలున్నాయి. ఒకదానిలో వ్యాపారి సైటుకి డబ్బు కట్టి పైకి వస్తాడు. ఒకదానిలో సైటు మన ఫోన్ నంబరునే వ్యాపారులకు అమ్ముతుంది. మూడోదానిలో ఎవరూ ఎవరికీ పైసా కట్టరు, షాపు పేరునే సాగదీసి ముందుకొస్తారు. నాలుగోదానిలో అసలు షాపే ఉండదు. తెర మీద మాత్రం నాలుగూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. వీటిని విడదీసి చూడాలంటే ఒక ప్రశ్న బాగా పనికొస్తుంది: డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతోంది?

## లిస్టింగ్ ఎవరు పెడతారు, ఉచితంగా ఎందుకు ఇస్తారు

షాపు పేరు, చిరునామా, ఫోన్ నంబరు, తెరిచి ఉండే వేళలు, ఫొటోలు, జనం రాసిన రివ్యూలు, ఇవన్నీ కలిసి ఆన్‌లైన్‌లో ఉండే పేజీనే లిస్టింగ్ అంటున్నాం. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఒకప్పుడు ఎల్లో పేజెస్ అని లావుపాటి పుస్తకాలు వచ్చేవి. 1996లో మొదలైన జస్ట్‌డయల్ ఆ పనినే ఫోన్ మీద చేసింది. తర్వాత్తర్వాత 88888 88888 అన్న నంబరు చాలామందికి నోటికొచ్చేసింది. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చింది. షాపుల యజమానుల కోసం గూగుల్ పెట్టిన సాధనం 2014లో గూగుల్ మై బిజినెస్‌గా, 2021లో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌గా పేరు మార్చుకుంది.

మ్యాపు మీద లిస్టింగ్ యజమానే పెట్టాలని లేదు. అటుగా వెళ్లే మనిషి ఎవరైనా చేర్చవచ్చు. వేరే చోట్ల దొరికిన సమాచారంతో గూగుల్ తనే సృష్టించవచ్చు. తర్వాత యజమాని వచ్చి "ఇది నాది" అని క్లెయిమ్ చేసుకుని వెరిఫికేషన్ చేయించుకోవాలి. చాలామంది చేయించుకోరు. మీ వీధి చివరి కిరాణా కొట్టుకి మ్యాపులో పేజీ ఉండవచ్చు, నలభై రివ్యూలు ఉండవచ్చు, కొట్టాయనకి ఆ సంగతే తెలియకపోవచ్చు. యజమాని లేని ఆ పేజీలతోనే ఈ గొడవలో సగం నడుస్తుంది.

ఉచితం ఎందుకంటే, మ్యాపులో అన్ని షాపులూ ఉంటేనే జనం అక్కడ వెతుకుతారు. జనం వెతికితేనే ప్రకటనలకు గిరాకీ. అంటే ఉచిత లిస్టింగ్ ప్రకటనల వ్యాపారానికి పెట్టుబడి లాంటిది. ఇందులో మోసమేమీ లేదు. కానీ ఉచిత పేజీకీ ప్రకటనకీ మధ్య గోడ మొదటి నుంచీ పల్చగానే ఉందని దీంతో అర్థమవుతుంది.

ఇక ఎవరు పైన, ఎవరు కింద? డబ్బు కట్టని లిస్టింగుల వరుసను ప్రధానంగా మూడు విషయాలు నిర్ణయిస్తాయని గూగుల్ స్వయంగా చెబుతుంది. వెతికిన మాటకు ఆ లిస్టింగ్ ఎంత సరిపోతుంది, వెతికిన మనిషికి ఎంత దూరంలో ఉంది, ఆ వ్యాపారం ఎంత పేరున్నది. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకుంటే మోసగాళ్లు ఎక్కడ చెయ్యి పెడతారో ముందే ఊహించవచ్చు. సరిపోవడం కోసం పేరు మారుస్తారు. దూరం కోసం లేని చోట గుర్తు పెడతారు. పేరుప్రతిష్ఠల కోసం రివ్యూలు కొంటారు.

## ముద్ర ఉన్న ప్రకటన

నాలుగింటిలో ఇది సాదాసీదా. వ్యాపారి గూగుల్‌కి డబ్బు కడతాడు, సాధారణంగా క్లిక్కుకి ఇంత అని. ఫలానా మాట వెతికితే నా పేరు చూపించు అని వేలంలో పాడతాడు. పైన "స్పాన్సర్డ్" అని ఉంటుంది. ఎవరు ఎవరికి కట్టారో ముద్రే చెబుతుంది.

చిక్కంతా నేను ఒక షాపు పేరు పెట్టి వెతికినప్పుడు. ఆ పేరు మీద పోటీదారు వేలం పాడితే, నేను అడిగిన షాపు కంటే పైన అతను వస్తాడు. ఇల్లు మారేవాళ్లందరికీ తెలిసిన ప్యాకర్స్ అండ్ మూవర్స్ రంగంలో ఇదే గొడవ కోర్టుకెక్కింది. అగర్వాల్ ప్యాకర్స్ అండ్ మూవర్స్ పేరుతో నడిచే డీఆర్‌ఎస్ లాజిస్టిక్స్ సంస్థ గూగుల్ మీద వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2023 ఆగస్టులో తీర్పిచ్చింది. ఇతరుల ట్రేడ్‌మార్కును కీవర్డుగా, అంటే ప్రకటన చూపించడానికి ఎంచుకునే మాటగా, వాడినంత మాత్రాన అది ఉల్లంఘన కాదు, చూసేవాళ్లు పొరబడేలా ఉండాలి అంది. అదే సమయంలో, ప్రకటనల విషయంలో గూగుల్ చేతులు కట్టుకుని నిలబడ్డ మధ్యవర్తి కాదు, చురుగ్గా పాల్గొంటోంది. ఉల్లంఘన జరిగితే మధ్యవర్తులకు చట్టం ఇచ్చే రక్షణ దానికి దక్కదు అని కూడా చెప్పింది. ఇరుపక్షాలకూ కొంత కొంత దక్కిన తీర్పు. నాకు మాత్రం రెండో భాగమే బరువైనదిగా కనిపిస్తుంది.

ముద్ర ఉందంటే డబ్బు కట్టారని అర్థం, నిజాయితీపరులని కాదు. చార్‌ధామ్ వంటి యాత్రలకు వెళ్లేవాళ్లను నకిలీ బుకింగులతో మోసం చేస్తున్నారని 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ కింది సైబర్ నేరాల సమన్వయ కేంద్రం హెచ్చరించింది. మోసగాళ్లు వాడే మార్గాల్లో సెర్చ్ ఇంజిన్లలో డబ్బు కట్టి వేసిన ప్రకటనలు కూడా ఉన్నాయని అందులో స్పష్టంగా చెప్పింది.

## మన ఫోన్ నంబరే సరుకైనప్పుడు

డైరెక్టరీ సైట్లలో డబ్బు ఇంకో దారిలో నడుస్తుంది. అక్కడ అమ్ముడయ్యేది చోటు మాత్రమే కాదు, ఎంక్వైరీ కూడా. వ్యాపార భాషలో దాన్ని లీడ్ అంటారు. ఫలానా మనిషికి ఫలానా పని కావాలి, ఇదిగో నంబరు. ఒకే లీడును ఒకేసారి పలువురు వ్యాపారులకు పంపడం ఈ రంగంలో మామూలు పద్ధతి. మనం ఒకరికి ఫోన్ చేశామనుకుంటాం, నలుగురు మనకు చేస్తారు.

దీన్ని అంకెల్లో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే. విజయవాడలో ఒకాయన 300 మందికి కేటరింగ్ కావాలని ఎంక్వైరీ పెట్టాడు. సైటు దాన్ని ఐదుగురికి, తలా 100 రూపాయలకు ఇచ్చింది. ఆర్డరు దక్కేది ఒక్కరికే. అయిదు లీడ్లు కొంటే ఒక ఆర్డరు వస్తుంది కాబట్టి ఒక్కో ఆర్డరు మీద కేటరర్‌కి పడే ఖర్చు 500. 300 ప్లేట్ల మీద సర్దితే ప్లేటుకి రెండు రూపాయలు కూడా కాదు. ఎవరికీ నొప్పి తెలియదు.

ఇప్పుడు కారుతున్న కుళాయి. పని విలువ 300 రూపాయలు. లీడు సగం ధరకే, అంటే 50కే అమ్మారనుకుందాం. అయిదుగురిలో ఒకరికే పని దక్కుతుంది కాబట్టి ఒక్కో పనికి 250 లీడ్లకే పోయింది. మిగిలింది 50. పెట్రోలుకే చాలదు. ఇప్పుడు ప్లంబర్ ముందు రెండే దారులు: లీడ్లు కొనడం మానేయడం, లేదా ఇంటికొచ్చాక "లోపల పైపే పోయిందండీ" అని బిల్లు పెంచడం. నిజాయితీ గలవాడు మొదటి దారి పడితే ఆ వేదిక మీద మిగిలేది ఎవరో చెప్పనక్కర్లేదు. చిన్న రిపేర్ల లిస్టింగుల్లోనే మోసాల ఫిర్యాదులు ఎక్కువగా ఎందుకు వినిపిస్తాయో ఈ లెక్కలో సగం సమాధానం ఉంది.

వేదికల పక్షాన చెప్పుకోవాల్సిన మాట కూడా ఉంది. ప్రకటన వేసుకునే తాహతు లేని కొత్త ఎలక్ట్రీషియన్‌కి మొదటి పది ఇళ్లు చూపించేది ఈ లీడ్లే. వాడుకరికీ నాలుగు ధరలు పోల్చుకునే వీలుంటుంది. పెళ్లి మండపం, ఇంటీరియర్ పని లాంటి పెద్ద ఖర్చుల దగ్గర ఇది నిజంగా మేలే. నంబరు ఇచ్చేటప్పుడు అది ఎంతమందికి పోతుందో ముందే చెప్పకపోవడమే అసలు అభ్యంతరం. చెబుతారు, షరతుల పేజీలో. ఆ పేజీ చదివినవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

## పేరులో దూరిన ప్రకటన

షాపు బోర్డు మీద "శ్రీనివాస డెంటల్ క్లినిక్" అని ఉందనుకోండి. ఊహించి చెబుతున్న పేరే. మ్యాపులో అదే షాపు "శ్రీనివాస డెంటల్ క్లినిక్ - బెస్ట్ డెంటిస్ట్ ఇన్ కూకట్‌పల్లి, రూట్ కెనాల్, బ్రేసెస్, ఇంప్లాంట్స్, లో కాస్ట్" అని కనిపిస్తుంది. ఇది గూగుల్ నిబంధనలకు విరుద్ధం. బయట బోర్డు మీద, బిల్లు మీద, జనం నోట ఉన్న పేరే మ్యాపులో ఉండాలి, ప్రచార వాక్యాలు చేర్చకూడదు అన్నది నియమం. అయినా ఏ పెద్ద కాలనీ మ్యాపు తెరిచినా ఇలాంటి పేర్లు కనిపిస్తూనే ఉంటాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు, మాదాపూర్ పీజీ హాస్టళ్లు, ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లు ఇందులో చెయ్యి తిరిగినవాళ్లు.

ఎందుకు చేస్తారంటే, పని చేస్తుంది కాబట్టి. వెతికిన మాట పేరులోనే ఉంటే లిస్టింగ్ పైకి రావడానికి అది బాగా తోడ్పడుతుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లందరూ ఎరిగిన సంగతి. ఇక్కడ గూగుల్‌కి ఎవరూ డబ్బు కట్టలేదు. కట్టి ఉంటే ముద్ర పడేది. కట్టలేదు కాబట్టి ముద్ర లేదు, అందుకే జనం దీన్ని ప్రకటన అనుకోరు. ముద్ర ఉన్న ప్రకటన కంటే ముద్ర లేని ఈ ప్రకటనకే నమ్మకం ఎక్కువ. ఈ తలకిందుల వ్యవహారమే నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెడుతుంది.

నష్టపోయేది ఎవరు? పక్క వీధిలో నియమం పాటించి బోర్డు మీది పేరే పెట్టుకున్న డాక్టరుగారు. ఆయన ముందు మూడు దారులు. ఊరుకుని కిందికి జారిపోవడం, తనూ పేరు సాగదీయడం, ఎదుటివాళ్ల మీద గూగుల్‌కి ఫిర్యాదు చేయడం. ఫిర్యాదు చేస్తే ఒక్కోసారి పేరు సరిచేస్తారు, కొన్నాళ్లకు అది మళ్లీ సాగుతుంది. డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీలను అడిగితే "అందరూ చేస్తున్నారు సార్, మనం చేయకపోతే నష్టం" అంటారు. అది సమర్థింపే అయినా అబద్ధం కాదు. ఒక్కడు ఆపితే ఆ ఒక్కడే నష్టపోతాడు.

ఇదే రకంలో చిన్నవి ఇంకొన్ని ఉన్నాయి. ఒక హోటల్ రివ్యూల మధ్యలో "లోన్ కావాలా, ఈ నంబరుకి కాల్ చేయండి" అన్న వ్యాఖ్య. ఒక గుడి ఫొటోల్లో ఎవరిదో రియల్ ఎస్టేట్ వెంచర్ బ్రోచర్. పోటీ షాపు రివ్యూలో "దీనికంటే ఎదురుగా ఉన్న ఫలానా షాపు బాగుంది" అని ఆ ఎదురు షాపువాళ్లే రాసుకున్న మాట. ఇవన్నీ నిషిద్ధమే. తొలగించమని అడిగితే తీసేస్తారు కూడా. చిరాకు ఎక్కువే గానీ నష్టం తక్కువ కాబట్టి వీటి దగ్గర ఆగను.

## షాపే లేని లిస్టింగ్

గూగుల్, శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి 2014 జూన్ నుంచి 2015 సెప్టెంబరు వరకు పట్టుబడిన లక్షకు పైగా నకిలీ లిస్టింగులను పరిశీలించి, 2017లో ఫలితాలు వెల్లడించారు. ఇంటికొచ్చి చేసే పనులు, అంటే తాళాలు తీసేవాళ్లు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్ల పేరుతో ఉన్నవే వాటిలో 40 శాతం దాకా తేలాయి. ఈ వృత్తులే ఎందుకంటే, కస్టమరు షాపుకి రాడు. మనిషే ఇంటికొస్తాడు. షాపు ఉందో లేదో ఎవరూ చూడరు.

పద్ధతి ఇలా ఉంటుంది. ఒక ముఠా నగరమంతటా యాభై చోట్ల యాభై పేర్లతో గుర్తులు పెడుతుంది. అన్ని నంబర్లూ ఒకే కాల్ సెంటర్‌కి పోతాయి. కాల్ ఎత్తినవాడు తక్కువ ధర చెబుతాడు, ఒప్పందం మీద పనిచేసే ఎవరినో పంపిస్తాడు, ఇంటికొచ్చాక ధర పెరుగుతుంది. అర్ధరాత్రి తాళం పోయి, తాళాలవాడితో కొద్ది డాలర్లకు మాట్లాడుకుని వందలు కట్టినవాళ్ల కథ అమెరికాలో ఉండే మనవాళ్లు చాలామంది వినే ఉంటారు. మన దగ్గర తాళాల స్థానంలో ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఉంటాయి. "ఫలానా బ్రాండ్ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్" అని పేరు, ఆ బ్రాండుతో ఏ సంబంధమూ లేని మనిషి.

అదే పరిశోధనలో అంతగా ప్రచారంలోకి రాని రెండో సంగతి ఉంది. ఆ నకిలీ లిస్టింగుల్లో పదింట ఒకటి నిజమైన వ్యాపారాలవే. హోటళ్లు, రెస్టారెంట్ల పేజీలను సంబంధం లేనివాళ్లు క్లెయిమ్ చేసుకున్నారు. కస్టమరుకి తేడా ఏమీ తెలియదు, గది దొరుకుతుంది, భోజనం వస్తుంది. కానీ హోటల్ దానంతటదే వచ్చే గిరాకీకి మధ్యలో ఉన్నవాడికి కమిషన్ కడుతూ ఉంటుంది. ఇక్కడ మోసపోయింది యజమాని. క్లెయిమ్ చేసుకోని కిరాణా కొట్టు పేజీ గురించి ముందు చెప్పింది అందుకే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది నంబరు మార్పిడి. "సమాచారం తప్పుంటే సరిచేయండి" అని గూగుల్ అందరికీ ఇచ్చిన వీలునే వాడుకుని, బ్యాంకు శాఖల పేజీల్లో ఫోన్ నంబర్లు మార్చేశారని 2018లో మహారాష్ట్రలో బయటపడింది. బ్యాంక్ ఆఫ్ ఇండియా ఫిర్యాదు చేసింది, సైబర్ పోలీసులు రంగంలోకి దిగారు. బ్యాంకు అనుకుని ఫోన్ చేసినవాళ్లు తమ కార్డు వివరాలు, పిన్‌లు మోసగాళ్లకే చెప్పారు. ఇది ప్రకటన గీత దాటి నేరంలోకి వెళ్లిన చోటు. ఇందులో సరుకూ లేదు, సేవా లేదు. ఇక్కడ డబ్బు పోయేది నేరుగా మన ఖాతా నుంచి. మోసం జరిగాక ఫిర్యాదు చేయడానికి 1930 అనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబరు ఉంది. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

## ఎన్ని ఉన్నాయన్న దగ్గరే తగాదా

వాల్‌స్ట్రీట్ జర్నల్ 2019 జూన్‌లో ఒక పరిశోధన కథనం వేసింది. గూగుల్ మ్యాప్స్‌లో ఏ రోజు చూసినా సుమారు 1.1 కోట్ల నకిలీ లిస్టింగులు ఉంటాయని నిపుణుల అంచనాగా రాసింది. ఆ అంకెను గూగుల్ ఒప్పుకోలేదు. 2018లో 30 లక్షలకు పైగా నకిలీ ప్రొఫైళ్లు తొలగించామని, వాటిలో 90 శాతానికి పైగా జనం కంట పడకముందే పోయాయని చెప్పింది. 2024కి గూగుల్ చెప్పిన అంకెలు ఇంకా పెద్దవి: అడ్డుకున్నవీ తొలగించినవీ కలిపి 1.2 కోట్లకు పైగా నకిలీ ప్రొఫైళ్లు, 24 కోట్లకు పైగా రివ్యూలు.

తొలగించినవి పెరిగితే సంతోషించాలా, భయపడాలా? రెండు రకాలుగానూ చదవవచ్చు. వల మెరుగుపడి ఉండవచ్చు, చేపలూ పెరిగి ఉండవచ్చు. మిగిలినవి ఎన్నో చెప్పే అంకె వీటిలో లేదు.

2017 పరిశోధన ఇంకో మాట చెప్పింది: స్థానిక వెతుకులాటల్లో నకిలీ లిస్టింగు దాకా తీసుకెళ్లేవి 0.5 శాతం కన్నా తక్కువే. వింటే ఊరటగా ఉంటుంది. కానీ సగటు అంకెలతో జాగ్రత్తగా ఉండాలి. మళ్లీ ఊహా లెక్కే: వెయ్యి వెతుకులాటల్లో 5 నకిలీ వైపు పోయాయనుకుందాం. వెయ్యిలో ఎక్కువ భాగం పెట్రోల్ బంకులు, గుళ్లు, సినిమా హాళ్లు, పేరు తెలిసిన హోటళ్లే. ఇంటికొచ్చి చేసే పనుల కోసం వెతికినవి 20 మాత్రమే అనుకుందాం. ఆ 5లో 2 ఇక్కడే పడితే, ఈ 20 మంది వరకు ప్రమాదం పది శాతం. బిర్యానీ కోసం వెతికేవాడికి మ్యాపు నమ్మకమైనదే. రాత్రి పదకొండుకి తాళాలవాడి కోసం వెతికేవాడికి అదే మ్యాపు వేరు. గూగుల్ చెప్పేదీ, విమర్శకులు చెప్పేదీ ఒకేసారి నిజం కావడం ఇలా సాధ్యమే.

## తనిఖీ గట్టిపడితే నలిగేది ఎవరు

"అందరి షాపునీ సరిగ్గా తనిఖీ చేస్తే సరిపోతుంది కదా" అన్నది సహజంగా వచ్చే మాట. మన ఊళ్లలో అది అంత సులువు కాదు.

మ్యాపులను జనం చేతికిచ్చిన మ్యాప్ మేకర్ అనే సాధనం 2008లో వచ్చింది. దాన్ని రూపొందించినవాళ్లలో ముఖ్యుడు మన లలితేష్ కట్రగడ్డ. వీధుల పేర్లే సరిగ్గా లేని, "ఆంజనేయస్వామి గుడి పక్క సందులో మూడో ఇల్లు" అన్నదే చిరునామా అయిన దేశాలకు అది వరంలా పనిచేసింది. 2015లో కొందరు ఆకతాయితనంగా పాకిస్తాన్ ప్రాంతపు మ్యాపు మీద అసభ్యంగా ఒక బొమ్మ గీశారు. గూగుల్ ఆ సాధనాన్ని కొన్నాళ్లు ఆపేసింది, 2017లో పూర్తిగా మూసేసింది. మార్పులు సూచించే వీలు మాత్రం మ్యాప్స్‌లోనే కొనసాగింది. తెరిచి ఉంచితే ఏమవుతుందో, తెరవకపోతే ఏం పోతుందో ఈ ఒక్క కథలోనే ఉంది.

వెరిఫికేషన్ కూడా అంతే. మొదట్లో చిరునామాకి పోస్టుకార్డు పంపి అందులోని కోడ్ అడిగేవారు. మోసగాళ్లు పోస్టు పెట్టెలు అద్దెకు తీసుకుని కార్డులు తెప్పించుకున్నారు. ఒకే చిరునామా మీద గుంపుగా నమోదు చేయడాన్ని గూగుల్ అడ్డుకుంది. ఇప్పుడు చాలామందిని వీడియో తీసి పంపమంటోంది: వీధి, బోర్డు, లోపలి పనిముట్లు, ఇది మీదేనన్న ఆధారం.

ఇంట్లోనే బ్లౌజులు కుట్టే ఆవిడ సంగతి చూడండి. బోర్డు లేదు. ఇంటి ముందు గది, ఒక మెషీన్. వీడియో తిరస్కరించారు అనుకుందాం. కర్రీ పాయింట్ నడిపే దంపతులకు అద్దె ఒప్పందం వేరేవాళ్ల పేరు మీద ఉంది. నిజమైన వ్యాపారాలే, కాగితాలు లేవు. అటువైపు పది నకిలీ లిస్టింగులు పెట్టేవాడి దగ్గర ఒక చిన్న గది, మార్చి మార్చి తగిలించే పది ఫ్లెక్సీ బోర్డులు ఉంటాయి. వీడియోలో వాడే బాగా కనిపిస్తాడు. తనిఖీ కఠినం చేసిన ప్రతిసారీ ముందుగా బయట మిగిలేది పేదవాడే అన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. గిరాకీ పోయినవాళ్లూ డబ్బు పోయినవాళ్లూ దీనికి చెప్పే జవాబు కూడా సూటిదే: ప్రకటనల మీద అంత సంపాదించే కంపెనీ మనుషులను పెట్టి చూసుకోవచ్చు కదా. ఇందులో నా మొగ్గు రెండోవైపే. కుట్టు మెషీన్ ఆవిడ విషయం తేల్చడానికి ఒక మనిషి కావాలి, అది డబ్బుతో అయ్యే పని.

## చట్టం ఎక్కడిదాకా వస్తుంది

ఈ సమస్యకంటూ ఒక చట్టం లేదు. ముక్కలుగా కొన్ని ఉన్నాయి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే వాడుకరులను ఏమార్చే ఆన్‌లైన్ ఎత్తుల మీద, వచ్చిన మార్గదర్శకాలు 13 రకాల మాయలను గుర్తించాయి. వాటిలో ఒకటి మారువేషపు ప్రకటన: జనం రాసిన మాటలాగానో వార్తలాగానో కనిపించేలా ప్రకటనను ముసుగేసి పెట్టడం. డబ్బిచ్చి రాయించిన రివ్యూ దీనికి దగ్గరగా వస్తుంది. పేరులో కీవర్డులు దూర్చడం వస్తుందా అన్నది వాదించుకోవాల్సిన విషయమే. ఆన్‌లైన్ రివ్యూలకు భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది, అది స్వచ్ఛందంగా పాటించేదిగా మొదలైంది.

వేరొకరిలా నటించి కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. ఇది నంబరు మార్చినవాడికి. వేదికకు మాత్రం అదే చట్టం 79వ సెక్షన్ రక్షణగా నిలుస్తుంది: ఇతరులు పెట్టిన సమాచారానికి మధ్యవర్తి బాధ్యుడు కాడు, కోర్టో ప్రభుత్వమో చెప్పినా తీయకపోతే తప్ప. ఉచిత లిస్టింగుకి ఈ రక్షణ గట్టిగానే ఉంది, డబ్బు పుచ్చుకున్న ప్రకటనకు ఢిల్లీ తీర్పు తర్వాత సడలింది. డబ్బు దారి పట్టుకుంటే చట్టం కూడా అదే దారిలో కనిపిస్తుంది. వేదికకు నేరుగా డబ్బు ముట్టిన చోట జవాబుదారీ ఎక్కువ, ముట్టని చోట తక్కువ. కానీ మనిషి నష్టపోయేది ఎక్కువగా ఆ ముట్టని చోటే.

లీడ్ల సంగతి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 పరిధిలోకి వస్తుంది. ఏ పని కోసం నంబరు ఇచ్చామో ఆ పనికే వాడాలన్నది దాని మూలసూత్రం. నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, కంపెనీల మీద పడే ప్రధాన బాధ్యతలు మాత్రం ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. "నాకు ప్లంబర్ కావాలి" అని ఇచ్చిన నంబరును ఐదుగురు ప్లంబర్లకు పంపడం ఆ పనిలో భాగమేనని సైట్లు అంటాయి. ఒకే ప్లంబర్ పేజీలో ఉన్న బటన్ నొక్కినవాడు అలా అనుకోడు. ఈ తేడా మీదే రేపటి ఫిర్యాదులు నడిచేలా ఉన్నాయి.

## బోర్డే ప్రకటన అయితే

నియమం ఎంత పకడ్బందీగా రాసినా దాని చుట్టూ దారి వెతికేవాళ్లు ఉంటారు. అక్షర క్రమంలో అచ్చేసే ఎల్లో పేజెస్ రోజుల్లో అమెరికాలో తాళాలవాళ్లు, ప్లంబర్లు తమ కంపెనీలకు "ఏఏఏ" అని మొదలయ్యే పేర్లు పెట్టుకునేవారు, పుస్తకంలో ముందుండాలని. అది మోసమని ఎవరూ అనలేదు.

న్యూయార్కులోని మాన్‌హటన్‌లో ఒక రెస్టారెంట్ ఉంది. దాని పేరు "థాయ్ ఫుడ్ నియర్ మీ". మ్యాపులో మాత్రమే కాదు, గుమ్మం మీది బోర్డు మీద కూడా అదే పేరు. 2023లో పత్రికలు దాని గురించి రాశాయి. అక్కడ వండేది నిజంగా థాయ్ భోజనమే, వెళ్తే నిజంగా తలుపు తెరిచే ఉంటుంది. బోర్డు మీది పేరే మ్యాపులో ఉండాలన్న నిబంధనను అది అక్షరాలా పాటిస్తోంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే గూగుల్ ఏ నియమం చూపించి ఆ పేరు తీయగలదు?